సూది మానిన పిమ్మట

కొంతకాలముగా మన మింజూరు తెలుగు కుటుంబములలో ఒక క్రొత్త ప్రసంగము వినవచ్చుచున్నది. పెండ్లి పందిరిలోనైనను, రైలు నిలయమునందైనను, ఇద్దరు కలిసినచోట బరువు తగ్గించు వారపు సూదిని గూర్చిన మాటయే. వేసికొనుచున్నవారు కొందరు, వేసికొనదలచినవారు కొందరు, వేసికొని మానినవారు మరికొందరు. ఈ మూడవ తెగవారిని గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఏలయన, సూదిని పొగడువారును తెగడువారును మనలో కావలసినంతమంది కలరు గాని, మానిన పిమ్మటి సంగతి యోచించువారు అరుదు.

2025 మార్చిలో మౌంజారో, ఆ సంవత్సరమే జూనులో వెగోవీ మన దేశపు మందుల అంగళ్ళకు వచ్చినవి. మొదటిదానిలోని మందు టిర్జెపటైడ్, రెండవదానిలోనిది సెమాగ్లూటైడ్. భోజనానంతరము మన ప్రేగులు సహజముగా పుట్టించు హార్మోనుల పనినే ఇవి చేసి, ఆకలిని అణచును. మందు పనిచేయుననుటలో సందేహము లేదు. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో సెమాగ్లూటైడ్ పుచ్చుకొన్నవారు 68 వారములలో సగటున నూటికి 15 పాళ్ళ బరువు తగ్గిరి. కాని వారిలో కొందరిని మందు మానిన పిమ్మట ఒక సంవత్సరము గమనింపగా, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు మరల వచ్చి చేరెను. టిర్జెపటైడ్ కథయు ఇట్టిదే. 36 వారములలో నూటికి 21 పాళ్ళు తగ్గినవారిలో కొందరికి మందు లేని ఉత్త సూది ఇచ్చుచు రాగా, తరువాతి సంవత్సరములో వారి బరువు నూటికి 14 పాళ్ళు పెరిగినట్లు 2023లో తేలినది.

ఇది నోరు కట్టుకొనలేనివారి దోషమా? కాదు. దేహము తాను కోల్పోయిన బరువును తిరిగి సంపాదింప యత్నించును. కేవలము ఆహారనియమముచే బరువు తగ్గినవారిని ఆస్ట్రేలియా వైద్యులు పరీక్షించి, సంవత్సరము గడచినను ఆకలిని నడపు హార్మోనులు పూర్వస్థితికి రాలేదని 2011లోనే ప్రకటించిరి. కావున మరల బరువెక్కిన బంధువును చూచి పదిమందిలో నవ్వుట అజ్ఞానమే గాక అన్యాయము కూడ. ఆ నవ్వునకు వెరచియే పలువురు వైద్యునికడకు తిరిగి పోక దాగియుందురు.

మానుటకు కారణములు పెక్కు. కొందరికి వికారము, వాంతులు. బిడ్డను కోరు స్త్రీ సెమాగ్లూటైడ్‌ను కనీసము రెండు నెలలు ముందుగనే మానవలెను. అన్నిటికన్న పెద్ద కారణము వెల. మౌంజారో వచ్చిన క్రొత్తలో 5 మిల్లీగ్రాముల సీసా 4,375 రూపాయలు. వారమున కొకటి చొప్పున నాలుగు వారములకు 17,500 రూపాయలు. చిన్న అంగడివానికి ఇది ఎన్ని నెలలు సాగును? మన దేశమున సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే గనుక వెల దిగుటకు మార్గము కలదు. కాని వెల దిగినంతమాత్రమున ఈ ప్రశ్న తీరదు.

నా అభిప్రాయమిది: సూది మానునాటి యేర్పాటు సూది మొదలిడునాడే చేసికొనవలెను. అప్పు తెచ్చి అంగడి తెరచినవాడు అప్పు తీర్చులోపల సొంత పెట్టుబడి కూర్చుకొనడా? సూది ఆకలిని అణచియుంచు కాలము అట్టి అప్పుకాలమే. తగ్గు బరువులో క్రొవ్వుతోపాటు కండయు కొంత కరగును. దానిని నిలుపుకొనుటకు వ్యాయామము, పప్పుదినుసులు అవసరము. డెన్మార్కులోని కోపెన్‌హేగన్ నగరమున ఈ జాతి మందే యైన లిరాగ్లూటైడ్‌తో పరిశోధన చేసిరి. మందుతోపాటు క్రమముగా వ్యాయామము చేసినవారు, మందు మాత్రమే పుచ్చుకొన్నవారికన్న, అన్నియు మానిన సంవత్సరము పిమ్మట తమ బరువును మెరుగుగా నిలుపుకొన్నారని 2024లో వెల్లడియైనది.

ఇక మన నడవడి చూడుడు. ప్రొద్దున గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు రాత్రి తొమ్మిదింటికి లేచి, పది గంటలకు కడుపునిండ అన్నము తిని పరుండును. ముద్దపప్పును, ఆవకాయను విడువుమని నేననను. అన్నము సగము చేసి, పప్పును కూరను రెట్టింపు చేయుడందును. పెసలు, సెనగలు, ఉలవలు మన వంటింటికి క్రొత్తవి కావు. చేపలు తినువారికి పులికాటు దూరము కాదు. ఇంటి యజమాని కొక వంట, తక్కినవారి కొక వంట అన్నచో ఏ నియమమును నిలువదు. మార్పు కుటుంబమంతటిదిగా ఉండవలెను.

బరువు కొంత తిరిగి వచ్చినను నడక మానరాదు. చెన్నపట్టణమున డాక్టరు ఎ. రామచంద్రన్ గారి బృందము, మధుమేహపు అంచున నున్న 531 మందిపై చేసిన పరిశోధనను 2006లో ప్రకటించిరి. నడక, ఆహారనియమములచే మధుమేహము సోకుట నూటికి 28 పాళ్ళు తగ్గెను. అదియు బరువు చెప్పుకొనదగినంత తగ్గకయే! త్రాసుముల్లు చూపని లాభము కూడ లాభమే.

ఒక హెచ్చరిక. ఎవరును తమంతట తాము సూదిని మానరాదు. మధుమేహము కలవారు మానినచో రక్తములోని చక్కెర పెరుగును. స్థూలకాయము దీర్ఘవ్యాధి యనియు, ఆహార వ్యాయామములతో కూడ ఈ మందులను దీర్ఘకాలము వాడవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో సూచించినది. రక్తపోటు మాత్రవలె దీనిని కొనసాగింపవలసినవారును కలరు. అందు సిగ్గుపడవలసినది లేదు.

మన సంఘము చేయదగినవి మూడు కలవు. సంఘపు గదిలో బరువు చూచు యంత్రమొకటి ఉంచి, వారమున కొకసారి ఎవరికివారే చూచుకొను ఏర్పాటు చేయవలెను. ప్రతి ఆదివారము వేకువను ఏకాంబరేశ్వరుని గుడి కడ కూడి, స్త్రీపురుషులు కలిసి గంటసేపు నడువవలెను. మన విందులలో వలదన్నవాని విస్తరిలో ఇంకొక బూరె వడ్డించు మొగమాటపు మర్యాదను ఇకనైన విడువవలెను. తరతరములుగా పరభాషా ప్రాంతమున ఒకరికొకరు తోడై మన భాషను నిలుపుకొన్నవారము. ఆ తోడ్పాటును ఆరోగ్యమునకును చాపుట మనకు కష్టము కాదు. వచ్చు సర్వసభ్య సమావేశమున పెద్దలు ఈ మూడింటిని చర్చకు తీసికొందురుగాక!