పింఛనూ కావాలి, ఉద్యోగమూ కావాలా?

ఆళ్ళగడ్డ టీ కొట్టు నుంచి అమెరికాలో మనవాళ్ళ పాట్‌లక్ దాకా ఒకటే గొణుగుడు. "మిలిటరీ వాడికి పీటీఎస్‌డీ అని నూటికి నూరు వైకల్యం రాశారట, పింఛనొస్తోంది. మళ్ళీ ఉద్యోగం కూడానూ! కాళ్ళూ చేతులూ బానే ఉన్నాయిగా?"

అయ్యా, అది ఖాళీగా కూర్చున్నందుకిచ్చే కూలి కాదు, తగిలిన దెబ్బకు పరిహారం. ఈ దెబ్బ పైకి కనపడదు, అంతే తేడా.

అమెరికాలో రెండు దారులున్నాయి. దెబ్బను కొలిచి 100 శాతం ఇస్తే సంపాదనకు పరిమితి లేదు. ఉద్యోగం చెయ్యలేడని ఆ లెక్కన చెల్లించే టీడీఐయూకి మాత్రం ఉంది. మనవాళ్ళు రెండూ కలిపేసి తీర్పు చెప్పేస్తారు.

అసలు తిరకాసు వేరే ఉంది. మానసిక గాయానికి 100 శాతం రావాలంటే ఉద్యోగ, సామాజిక జీవితం పూర్తిగా దెబ్బతినాలని అక్కడి రూలు. కాస్త కుదుటపడి పనికెళ్తే, రేపు మళ్ళీ పరీక్షలో శాతం తగ్గిస్తారేమోనని భయం. కోలుకున్నందుకు జరిమానా వేసే రూలేం రూలండీ?

ఇక మన సైన్యంలో, యుద్ధగాయం కాని కేసుల్లో నూరు శాతం వైకల్యానికిచ్చేది చివరి జీతంలో 30 శాతం. సర్వీసు పింఛను వేరే. అది చాలక ఒకాయన నంద్యాల షాపులో లెక్కలు రాసుకుంటే మోసమా?

రిలీజ్ ముందు రోజు నిద్రపట్టని మనమా ఆయన్ని అనేది? దొంగ కేసులుంటే తేల్చడానికి మెడికల్ బోర్డులున్నాయి. మనం బోర్డు కాదు.