రౌటర్ మార్చే ముందు తీగను అడగండి

ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ సరిగా రాకపోతే ముందు రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తాం. కుదరకపోతే కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తాం. అప్పటికీ బాగుపడకపోతే కొత్త రౌటర్ కొంటాం. లోపం ఎక్కడుందో తేల్చకుండా కొంటే డబ్బు వృథా. పైగా బాగున్న పరికరం ఈ-వ్యర్థాల్లో చేరుతుంది. కేబుల్‌తో నడిచే నెట్‌వర్క్‌లో లోపాన్ని పట్టడానికి ఇంజినీరే కానక్కర్లేదు. బడిలో నేర్చుకున్న శాస్త్రీయ పద్ధతి చాలు.

నెట్ పూర్తిగా ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. నెమ్మదిగా వస్తూ ఉండే లోపమే మనల్ని మోసం చేస్తుంది. ఈథర్నెట్ కేబుల్ లోపల 8 సన్నని తీగలు రెండేసి చొప్పున మెలివేసి, 4 జతలుగా ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 2 జతలు సరిపోతాయి. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్నెట్‌కు మాత్రం నాలుగూ కావాలి. తలుపు సందులో నలిగి ఒక తీగ తెగితే, చాలా పరికరాలు మిగిలిన జతలతోనే 100కు దిగి పనిచేస్తాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి కేబుల్‌ను ఎవరూ అనుమానించరు. కంప్యూటర్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. రెండు వైపులా గిగాబిట్ పోర్టులు ఉండి కూడా 100 కనిపిస్తే ముందుగా మార్చి చూడాల్సింది కేబుల్‌నే.

నెట్ అసలే రాకపోతే దగ్గర నుంచి దూరానికి వెళ్లాలి. పోర్టు దగ్గర దీపం వెలగకపోతే కేబుల్, ప్లగ్గు, పోర్టు చూడాలి. వెలిగితే ఐపీ చిరునామా చూడాలి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి చిరునామా అందలేదని, కంప్యూటర్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చిరునామా సరిగా ఉంటే 1983లో మైక్ మూస్ రాసిన ‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రామ్ అక్కరకొస్తుంది. ముందు రౌటర్‌ను, తర్వాత బయటి సర్వర్‌ను అంకెల చిరునామాతో, చివరగా వెబ్‌సైట్‌ను పేరుతో పింగ్ చేయాలి. రౌటర్ పలికి బయటివేవీ పలకకపోతే, ఇంట్లోని కేబుల్‌ను వదిలేసి రౌటర్ నుంచి బయటికి వెళ్లే లైను సంగతి చూడాలి. అంకెలకు జవాబొచ్చి పేర్లకు రాకపోతే, పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కుందన్నమాట.

ఇక్కడ నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. కేబుల్, పోర్టు, సెట్టింగులు అన్నీ కలిపి మారిస్తే నెట్ రావచ్చు. కానీ దేనివల్ల వచ్చిందో తెలియదు. మళ్లీ ఆగినప్పుడు కథ మొదటికొస్తుంది.

‘ఆపి వేస్తే సరిపోతుంది కదా, ఇంత తతంగం ఎందుకు?’ అంటారు. చాలాసార్లు సరిపోతుంది, నిజమే. కానీ రోజూ ఆపి వేయాల్సి వస్తోందంటే కారణం అలాగే ఉందని అర్థం. పైగా ఆపగానే కొన్ని ఆధారాలు చెరిగిపోతాయి. అందుకే ఆపే ముందు ఏ దీపం వెలుగుతోందో, చిరునామా ఏముందో కాగితం మీద రాసుకోవాలి. సర్వీసు మనిషికి ‘నెట్ రావట్లేదు’ అని చెప్పే బదులు ‘రౌటర్ దాకా బాగానే ఉంది, బయటికి పోవట్లేదు’ అని చెప్పగలిగితే అతని పనీ తేలికవుతుంది, అనవసరమైన ఖర్చుకూ మనం ఒప్పుకోం.

ఈ పని బడిలోనే నేర్పాలి. కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక మంచి కేబుల్, ఒక తెగిన కేబుల్ ఇచ్చి ఏది ఏదో తేల్చమంటే చాలు. పరిశీలన, ఊహ, పరీక్ష, నిర్ధారణ అని పాఠంలో బట్టీపట్టిన మాటలు పిల్లలకు చేతి పనిగా అలవడతాయి.