వసతిగృహం నేర్పే చదువు

తరగతి గదిలో నేర్చిన చదువుకు పరీక్ష ఉంది, పట్టా ఉంది. భోజనశాలలో, పడకగదిలో నేర్చిన చదువుకు అవి లేవు. అందుచేతనే కాబోలు, మనం దానిని అంతగా లెక్కచేయము.

ఇల్లు విడిచి తొలిసారి వసతిగృహానికి వచ్చిన బాలుడు ట్రంకు పెట్టె మీద కూర్చొని కన్నీరు తుడుచుకోవడం మనమెరిగినదే. నెల తిరిగేసరికి తన కంచం తానే కడుగుకుంటాడు, తన బట్టలు తానే ఉతుకుకుంటాడు. ఇది స్వావలంబన, మెచ్చదగినదే. కాని ప్రక్కనున్న బాలునికి జ్వరం వచ్చిన రాత్రి తాను మేలుకొని మంచినీళ్ళు అందించిననాడే అతని వ్యక్తిత్వం నిజంగా వికసిస్తుంది.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆధునిక గురుకుల విద్యకు 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో నాంది పలికినవారు అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు. పల్లెలలోని నిరుపేద ప్రతిభకు తిండి, వసతి, చదువు ఒకే చోట లభించాలన్నది అందలి ఆశయం. 1986 జాతీయ విద్యావిధానం నవోదయ విద్యాలయాలకు పెద్దపీట వేసింది. మన జిల్లాలోని వెన్నెలవలసలోనూ ఒకటి ఉన్నది. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో కొందరిని ఒక ఏడాదిపాటు వేరొక భాషా ప్రాంతపు నవోదయకు పంపడం ఆ విద్యాలయాల ప్రత్యేకత. కలసి బ్రతకడం కూడా నేర్పవలసిన పాఠమేనని దీని భావం.

ఈ పాఠం మన పాతపట్నానికి క్రొత్త కాదు. ఇది తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసే పొలిమేర. పొరుగున పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల నోటనే వారి భాష నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు వ్రాశారు. ఎదుటివాని భాషను గౌరవించడమే సహజీవనానికి తొలిమెట్టు.

నేడు గిరిజనులకు, దళితులకు, వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు వేర్వేరు గురుకులాలున్నాయి. అవి లేకుంటే ఎందరో బాలబాలికలకు బడి అందని పండే; వాటి అవసరాన్ని కాదనలేము. అయితే రక్షణకై కట్టిన గోడ ఎడబాటుకు కారణం కారాదు. అన్ని వర్గాలవారూ ఉన్న వసతిగృహాలలో సైతం ఒక ఊరివారు ఒక గదిలో, ఒక భాషవారు ఒక పంక్తిలో చేరిపోవడం చూస్తూనే ఉన్నాము. అట్టిచోట నలుగురి మధ్య ఉండడమే గాని, నలుగురితో కలిసి ఉండడం లేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గదుల కేటాయింపులో ఉర్దూ మాట్లాడేవారిని, తెలుగు మాట్లాడేవారిని ఒకే కప్పు క్రింద ఉంచండి. భోజనశాల లెక్కలు విద్యార్థుల చేతికే అప్పగించండి. పొరపాట్లు చేస్తారు, దిద్దుకుంటారు. క్రొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ ఒక పై తరగతి విద్యార్థిని అండగా నియమించండి.

విద్యార్థి మిత్రులారా! పెద్దలు గదులు మాత్రమే ఇవ్వగలరు. ప్రక్కవాని పేరు, ఊరు, కష్టం తెలుసుకోవలసినవారు మీరే. ఈ రాత్రి భోజనాల వేళ ఒక్క కంచమంత దూరం జరిగి, ఇంతవరకు పలుకరించని వాని ప్రక్కన కూర్చోండి.