లైన్లో ఉన్నాం, మీటింగులో ఏరీ?

ఊళ్లో లయన్స్ వాళ్లు కంటి క్యాంపు పెడితే మన మొహల్లా నానీలు, దాదాలు పొద్దున్నే లైన్లో ఉంటారు. ఆ క్లబ్బు మెంబర్లలో మాత్రం మన పేర్లు వెతుక్కోవాలి. "అది పెద్దోళ్ల మెహఫిల్, మనకెందుకు భాయ్" అంటాం.

పోలియో సంగతి యాద్ చేసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మందు మీద మన ఇళ్లల్లో షక్ ఉండేది. రోటరీ వాళ్లు ఉలమాలను కలుపుకున్నారు. మస్జిద్ మైకుల్లో ఎలాన్ అయ్యాక అమ్మీలు తలుపులు తెరిచారు. దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చిలో పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చింది. మందు వాళ్లు తెచ్చారు, భరోసా మనవాళ్లు ఇచ్చారు.

జకాత్ ఇస్తున్నాంగా, చాలదా అంటారు. జకాత్ ఫర్జ్, అది ఎలాగూ ఇవ్వాల్సిందే. కానీ క్యాంపు ఏ గల్లీలో పెట్టాలో, పర్దా ఖాలాల కోసం లేడీ డాక్టర్ని పిలవాలో తేలేది మీటింగులో. అక్కడ మనం లేకపోతే ఆ మాట ఎత్తేదెవరు?

మెంబరొకరు పిలిస్తేనే చేర్చుకుంటారు కాబట్టి, తెలిసిన లయన్ సాబ్‌ను మీరే అడగండి. చందా ఎంతో ముందే కనుక్కోండి. నమాజ్ వక్తుకు లేస్తానని, షరాబ్ ఉన్న దావత్‌కు రానని సాఫ్‌గా చెప్పండి. 1987 నుంచి ఆడవాళ్లకూ అందులో మెంబర్‌షిప్ ఉంది. చదువుకున్న మీ బేటీ పేరు కూడా ఇవ్వండి.