ఫిర్యాదు చేసినందులకు శిక్షయా?

ఉద్యోగస్థలమున వేధింపులకు గురియైన స్త్రీకి మన దేశమున చట్టము లేకపోలేదు. 1997వ సంవత్సరమున సుప్రీంకోర్టు విశాఖ వ్యాజ్యమునందు మార్గదర్శక సూత్రములను విధించెను. 2013లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసెను. పదిమందికి తక్కువ గాక పనిచేయు ప్రతి కార్యాలయమునందును విచారణసంఘ ముండవలెను. అది 90 దినములలో విచారణ ముగింపవలెను. అయినను బాధితురాలు నోరు విప్పుటకు జంకుచున్నది. ఏలయన, ఫిర్యాదు చేసిన మరునాడు తన యుద్యోగ మేమగునో యను భయ మామెను వెన్నాడుచున్నది.

ఈ భయము నిరాధారము కాదు. ఇండోరు నగరమున ఒక ప్రభుత్వ బ్యాంకుశాఖకు చీఫ్ మేనేజరుగా నుండిన మహిళ అచ్చటి యక్రమములనుగూర్చి పై యధికారులకు పలుమారులు వ్రాసెను. 2017 డిసెంబరులో ఆమెను జబల్పూరు జిల్లాలో, మొదటి తరగతి యధికారి యుండదగిన చిన్నశాఖకు బదిలీచేసిరి. పై యధికారి వేధింపులనుగూర్చియు ఆమె ఫిర్యాదు చేసియుండెను. ఆ బదిలీ ప్రతీకారచర్యయే యని సుప్రీంకోర్టు తేల్చి, ఆమెను ఇండోరునకు మరల పంపుమని యాజ్ఞాపించునప్పటికి 2020 ఫిబ్రవరి వచ్చెను. అంత యోపిక, అంత ధనము ఎందరికి గలవు?

చట్టమునకు ఈ యపాయము తెలియనిది కాదు. విచారణకాలమున బాధితురాలికి మూడు మాసములవరకు సెలవిప్పింపవచ్చును. ప్రతివాది యామె పనినిగూర్చి రహస్యనివేదిక వ్రాయకుండ ఆపవచ్చును. కాని యీ రక్షణ విచారణతోడనే ముగియును. పగ విచారణతో ముగియునా? పదోన్నతి తప్పించుటకును, దూరప్రాంతమునకు పంపుటకును అధికారికి కావలసినంత యవకాశము మిగిలియేయున్నది.

అబద్ధపు ఫిర్యాదులు పెరుగునని కొంద రందురు. దుర్బుద్ధితో చేసిన ఫిర్యాదునకు 14వ సెక్షను శిక్ష విధించుచునే యున్నది. రుజువు చేయజాలకపోవుట మాత్రము దుర్బుద్ధి కాదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది.

కావున మేము కోరున దొక్కటే. ఫిర్యాదు చేసిన పిమ్మట రెండేండ్లలోపల బదిలీయో, పదచ్యుతియో, పదోన్నతి నిరాకరణమో జరిగినచో, దానికిని ఫిర్యాదునకును సంబంధము లేదని నిరూపించు భారము యజమానిపైననే యుండునట్లు చట్టమును సవరింపవలెను. నేడు కుమార్తెలను, కోడండ్రను కార్యాలయములకు పంపు గృహములు అనేకము గలవు. వారు తలయెత్తుకొని పనిచేయుటయా, తలవంచుకొని జీతము తెచ్చుటయా యనునది ప్రతి గృహస్థుడును ఆలోచింపదగిన విషయము.