రుబ్బురోలు వాళ్లది, దోసెలు మనవి

పోయిన వేసవి సెలవుల్లో నేనూ నా రూమ్మేటూ కలిసి తెనాలిలో వాళ్ల మావయ్యగారి ఎరువుల కొట్టుకి ఒక బిల్లింగ్ ప్రోగ్రాం రాశాం. కొట్టులో ఉన్న పాత కంప్యూటర్లో ఉబుంటు వేసి, సీ ప్లస్ ప్లస్‌లో, నల్ల స్క్రీన్ మీద నడిచేలా చేశాం. అందంగా ఏమీ ఉండదు. కానీ యూరియా బస్తా కోడ్ కొడితే రేటు వస్తుంది, రైతుల అప్పు ఖాతా వేరేగా రాసుకుంటుంది, బిల్లు ప్రింట్ అవుతుంది. మావయ్యగారు 15,000 రూపాయలు ఇస్తానన్నారు. నేను సంపాదించబోయే మొదటి డబ్బు అది.

ఇంకో నాలుగు రోజుల్లో ఇచ్చెయ్యాలి అనగా, హాస్టల్లో ఒక సీనియర్ అన్న అడిగాడు, "దేంతో కంపైల్ చేశార్రా?" జీసీసీతో అన్నాం. "అయిపోయారు. అది జీపీఎల్. దాంతో కంపైల్ చేసింది అమ్మకూడదు. అమ్మితే మీ కోడ్ మొత్తం నెట్‌లో పెట్టాలి. లేదంటే కేసు వేస్తారు."

నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఆ భయంతో మేం చేసిన మొదటి పని డబ్బులిచ్చి కొనాల్సిన ఒక కంపైలర్‌కి క్రాక్ వెతకడం. ఊరికే ఇచ్చినవాళ్ల షరతు తప్పకూడదని, అమ్ముకునేవాళ్ల సరుకు దొంగతనం చెయ్యడానికి బయల్దేరాం! డౌన్‌లోడ్ సగంలో ఉండగా హాస్టల్ వైఫై పోయింది. వేరే పనేం లేక జీసీసీ లైసెన్స్ ఫైల్ తెరిచాను. రెండేళ్లుగా రోజూ వాడుతున్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్ చదవడం అదే మొదటిసారి. ఈ సంచిక చదువుతున్న మీలో ఎంతమంది చదివారో చెప్పండి చూద్దాం.

చదివాక తెలిసింది, అన్న చెప్పిన మాటలు ఒక్కటి కూడా నిజం కాదు. కానీ అవి ఎందుకు నిజం కావు అనేది నాకు ఇంకా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది.

అమ్మకూడదు అనే మాట జీపీఎల్‌లో ఎక్కడా లేదు. ఆ లైసెన్స్ రాసిన రిచర్డ్ స్టాల్‌మనే 1985లో తన ఈమ్యాక్స్ ఎడిటర్ టేపుని 150 డాలర్లకు అమ్మేవాడు. జీసీసీ మొదటిసారి బయటికొచ్చింది 1987లో. రెండేళ్లకే, 1989లో, మైకేల్ టీమన్ ఇంకో ఇద్దరితో కలిసి సిగ్నస్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ల వ్యాపారమే జీసీసీ లాంటి టూల్స్‌ని కంపెనీలకి కావల్సినట్టు మార్చిపెట్టి, రిపేర్లు చేసి డబ్బు తీసుకోవడం. 1999 చివర్లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. అంటే ఈ కంపైలర్ చుట్టూ కమర్షియల్ వాడకం మొదట్నుంచీ ఉంది. ఇంగ్లిష్‌లో "ఫ్రీ" అనే ఒక్క ముక్కతో ఈ తికమకంతా వచ్చింది. తెలుగులో మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ సంస్థకి "స్వేచ్ఛ" అని పేరు పెట్టుకున్నది అందుకే అనుకుంటా.

ఇక కంపైల్ చేసిన ప్రోగ్రాం సంగతి. మా అమ్మమ్మ వాళ్లింట్లో రుబ్బురోలు ఉంది. పక్కింటివాళ్లు వచ్చి పిండి రుబ్బుకునేవాళ్లట. రోలు మాది కాబట్టి దోసెల్లో వాటా ఇవ్వమని అమ్మమ్మ ఎప్పుడూ అడగలేదు. కంపైలర్ కూడా అంతే. ఒక ప్రోగ్రాం నుంచి వచ్చిన ఔట్‌పుట్‌కి ఆ ప్రోగ్రాం లైసెన్స్ అంటుకోదు. ఔట్‌పుట్‌లో ఆ ప్రోగ్రాం ముక్క ఉంటే తప్ప.

ఆ "తప్ప" దగ్గరే అసలు కథ. రోట్లో రుబ్బితే రాతి పొడి కాస్త పిండిలో కలుస్తుంది కదా. జీసీసీలోనూ కలుస్తుంది. ప్రాసెసర్‌కి నేరుగా చేతకాని లెక్కలు, ఎక్సెప్షన్ పడితే స్టాక్‌ని విప్పుకుంటూ వెనక్కి వెళ్లడం లాంటి పనులకి లిబ్‌జీసీసీ అనే చిన్న లైబ్రరీ మన ప్రోగ్రాంకి తగులుకుంటుంది. మనం రోజూ వాడే వెక్టర్, స్ట్రింగ్ అయితే టెంప్లేట్లు. జీసీసీ వాళ్ల కోడే మన బైనరీలోకి వచ్చి కూర్చుంటుంది. మాటకి మాట పట్టుకుంటే మా ఎరువుల కొట్టు ప్రోగ్రాంలో జీపీఎల్ కోడ్ ఉన్నట్టే. ఈ ఒక్క పాయింట్‌లో సీనియర్ అన్న భయం గాల్లోంచి పుట్టింది కాదు, ఒప్పుకుంటాను.

అందుకే వాళ్లు "రన్‌టైమ్ లైబ్రరీ ఎక్సెప్షన్" అని విడిగా ఒక కాగితం రాశారు. ఇప్పుడున్న రూపం 2009 నాటిది. రాతి పొడిని క్షమించేశాం, మీ ప్రోగ్రాం మీకిష్టమైన లైసెన్స్‌తో అమ్ముకోండి అని దాని సారాంశం. ఒక్క షరతు ఉంది. జీసీసీ మధ్యలో తయారుచేసే రూపాన్ని బయటికి తీసి, జీపీఎల్‌తో పొసగని రహస్య టూల్ ఒకదానికిచ్చి, పని చేయించుకుని తెచ్చుకుంటే ఈ మినహాయింపు పనిచెయ్యదు. సగం పిండి నా రోట్లో రుబ్బి, మిగతా సగం తలుపులేసుకుని నీ మిషన్లో ఆడించుకుంటానంటే కుదరదన్నమాట. అప్పట్లో జీసీసీకి ప్లగిన్లు తెస్తున్నారు, 2010లో వచ్చిన 4.5లో అవి వచ్చాయి కూడా. ఆ దారిలో ఎవరైనా మూసేసిన ముక్కలు తగిలిస్తారని వాళ్ల భయం.

ఇంత అనుమానం ఎందుకు అని మొదట నాకూ అనిపించింది. అంతకుముందు జరిగింది చదివాక అనిపించలేదు. స్టీవ్ జాబ్స్ ఆపిల్ నుంచి బయటికొచ్చి పెట్టిన నెక్స్ట్ కంపెనీ, జీసీసీ మీద ఆబ్జెక్టివ్ సీ ఫ్రంట్ ఎండ్ కట్టింది. దాన్ని మాత్రం సోర్స్ ఇవ్వకుండా ఆబ్జెక్ట్ ఫైళ్లుగా ఇచ్చి, జీసీసీతో లింక్ చేసుకునే పని వాడేవాళ్లకి వదిలేద్దాం అనుకున్నారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒప్పుకోలేదు. చివరికి సోర్స్ ఇచ్చారు. తర్వాత ఎన్నో ఏళ్లు మ్యాక్ యాప్‌లూ, ఐఫోన్ యాప్‌లూ రాసిన భాష అదే. జీపీఎల్ లేకపోతే ఆ ఫ్రంట్ ఎండ్ బయటికొచ్చేదా? నాకైతే నమ్మకం లేదు.

అయితే ఆ మొండితనానికి ఖరీదు కూడా ఉంది, దాచకూడదు. 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే ఎల్ఎల్‌వీఎం మొదలుపెట్టారు. 2005లో లాట్నర్ దాన్ని జీసీసీలో కలపమని, కాపీరైట్ కూడా ఫౌండేషన్‌కి రాసిస్తామని మెయిల్ పెట్టాడు. స్టాల్‌మన్ ఆ మెయిల్ అప్పుడు చూడనేలేదట, పదేళ్ల తర్వాత ఆయనే చెప్పాడు. (ప్లేస్‌మెంట్ సెల్ మెయిల్స్ మిస్సయ్యేవాళ్లకి ఇదో ఓదార్పు.) లాట్నర్ ఆ ఏడాదే ఆపిల్‌లో చేరాడు. జీసీసీ 4.2.1 తర్వాత జీపీఎల్ మూడో వెర్షన్‌కి మారింది, ఆపిల్ అక్కడే ఆగిపోయింది, 2007లో క్లాంగ్‌ని బయటపెట్టింది. ఎల్ఎల్‌వీఎం లైసెన్స్ వదులుగా ఉంటుంది. తీసుకో, మార్చుకో, అమ్ముకో, మార్చింది చూపించక్కర్లేదు. ఎన్‌విడియా వాళ్ల కుడా కంపైలర్ దాని మీదే ఉంది. ఇంటెల్ కూడా తన కంపైలర్‌ని దాని మీదకి మార్చింది. 2014లో స్టాల్‌మన్ దీన్ని ఘోరమైన ఎదురుదెబ్బ అన్నాడు.

మా రూమ్మేట్ వాదన ఏంటంటే, ఎల్ఎల్‌వీఎం వాళ్లు ఎవర్నీ బలవంతపెట్టలేదు, అయినా కంపెనీలే వచ్చి కోడ్ ఇస్తున్నాయి కదా అని. నిజమే. పెద్ద కంపెనీకి తన మార్పుల్ని విడిగా మోసుకు తిరగడం ఖర్చు, అందుకని చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. కానీ ఏది ఇవ్వాలో, ఏది దాచాలో వాళ్లే తేల్చుకుంటారు. రేపు ఎవరో కొత్త చిప్ చేసి, దానికి కంపైలర్ మూసేసి ఇస్తే, అందులో బగ్ వస్తే మనం చెయ్యగలిగిందేమీ లేదు. నేను ఎర్రర్ మెసేజ్‌లు బాగుంటాయని క్లాంగే వాడతాను. అయినా మా ఇద్దరి వాదనలో నేను జీపీఎల్ వైపే. కంపైలర్ అనేది మిగతా సాఫ్ట్‌వేర్ లాంటిది కాదు. మిగతావన్నీ దాంట్లోంచే బయటికొస్తాయి.

ఈ అభిప్రాయం మీద గట్టిగా నిలబడటం ఎంత కష్టమో మాత్రం ఆ నాలుగు రోజుల్లోనే తెలిసింది. కంపైలర్ భయం పోయాక మిగతా లైబ్రరీల లైసెన్స్‌లు కూడా చూశాం. పైబాణం నొక్కితే పాత ఎంట్రీ రావడానికి రీడ్‌లైన్ వాడాం. అది జీపీఎల్, ఏ మినహాయింపూ లేదు. 1992లో బ్రూనో హైబ్లె కూడా తన సీలిస్ప్ విషయంలో ఇదే రీడ్‌లైన్ మీద స్టాల్‌మన్‌తో చాలా వాదించి, చివరికి మొత్తం సీలిస్ప్‌ని జీపీఎల్ కిందకి తెచ్చాడు. మేమూ అలాగే చెయ్యొచ్చు. నెట్‌లో పెట్టక్కర్లేదు, మావయ్యగారికి బైనరీతో పాటు సోర్స్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే చాలు. కానీ అప్పుడు ఆయన దాన్ని పక్క కొట్టుకి కాపీ చేసి ఇవ్వొచ్చు, మనం వద్దనలేం. మా ప్లానేమో అదే బజార్లో ఇంకో ఐదు కొట్లకి అమ్ముదామని.

నేను సోర్స్ ఇచ్చేద్దాం అన్నాను. ఏడాది తర్వాత మనం వేరే ఊళ్లో ఉంటే, జీఎస్టీ రేటు మారితే ఆయన ఎవరితో మార్పించుకుంటాడు అని. రూమ్మేట్ ఏం మాట్లాడకుండా బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న లిబ్‌ఎడిట్ పెట్టాడు. మేక్‌ఫైల్‌లో ఒక లైను, హెడర్‌లో ఒక లైను, అంతే. నేను పెద్దగా అడ్డుపడలేదు. 15,000 సగం సగం పంచుకున్నాం. ఇంకో రెండు కొట్లవాళ్లు ఒప్పుకున్నారు. నెక్స్ట్ ఆయన ప్లాన్‌కీ మాదానికీ తేడా ఎంత అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. మేం ముందే చదువుకున్నాం, అంతేనేమో.

సీనియర్ అన్నకి ఇదంతా చెప్తే, "మరి బైసన్‌కి ఏమవుద్ది?" అన్నాడు. మంచి ప్రశ్న. బైసన్ ఇచ్చే పార్సర్ ఫైల్లో దాని సొంత కోడే బోలెడంత ఉంటుంది. 1.24 వెర్షన్ ముందువరకు ఆ పార్సర్‌ని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే వాడాలి. తర్వాత దానికీ మినహాయింపు ఇచ్చారు. అది ఎక్కడ రాసుంటుందో తెలుసా? కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లో బైసన్ ఇచ్చే ఫైల్లో, మొదట్లో ఉండే ఆ పొడుగాటి కామెంట్‌లో. రికార్డుకి ప్రింట్ తీసేటప్పుడు అందరం మొట్టమొదట డిలీట్ చేసేది దాన్నే. ఈ సెమిస్టర్ నేను ఉంచేశాను. అర పేజీ ఎక్కువైంది.