వీలునామా: సామాన్య కుటుంబానికీ అవసరమే

వీలునామా సంపన్నులకు సంబంధించిన విషయమన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉంది. ఒక ఇల్లు, కొద్దిపాటి పొలం, బ్యాంకు డిపాజిట్టు మాత్రమే ఉన్నవారు దాని గురించి ఆలోచించడం అరుదు. మరణానంతర విషయాలు మాట్లాడటం అశుభమన్న భావన కూడా ఇందుకు తోడవుతోంది. అయితే వీలునామా రాయనంత మాత్రాన ఆస్తి పంపకం ఆగదు. రాయనివారి తరఫున చట్టమే ఆ పని చేస్తుంది. చట్టం నిర్దేశించిన క్రమం మరణించిన వ్యక్తి కోరికకు పూర్తి భిన్నంగా ఉండవచ్చు.

2009లో సుప్రీంకోర్టు తీర్పు వెలువరించిన ఒక కేసు ఇందుకు నిదర్శనం. వివాహమైన మూడు నెలలకే భర్తను కోల్పోయిన ఒక మహిళను అత్తింటివారు వెళ్లగొట్టారు. ఆమె పుట్టింట ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి, సొంత సంపాదన కూడబెట్టారు. 1996లో వీలునామా రాయకుండానే మరణించారు. ఆ సంపాదన పుట్టింటివారికి దక్కలేదు. భర్త సోదరి కుమారులకు చెందింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, భర్త, సంతానం లేని హిందూ మహిళ స్వార్జితం ఆమె తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకు వెళ్తుంది. సానుభూతిని బట్టి చట్టానికి అర్థం చెప్పలేమని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆమె వీలునామా రాసి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. మహిళలు, ప్రత్యేకించి హిందూ మహిళలు వీలునామా రాసుకోవాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు విజ్ఞప్తి చేయడానికి ఇటువంటి వివాదాలే కారణం.

హిందూ పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి సమాన వాటాదారులవుతారు. తండ్రి ఈ మొదటి వరుసలో లేరు. కట్నం ఇచ్చినందున కుమార్తెకు వాటా లేదన్న నమ్మకానికి చట్టంలో చోటు లేదు. మరోవైపు, వైకల్యమున్న బిడ్డకు అదనపు ఆసరా అవసరమన్న సంగతిని చట్టం తనంతట తాను గుర్తించదు. ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులే దానిని రాసి ఉంచాలి.

నామినీ పేరు ఇచ్చాం కదా అన్న ధీమా కూడా అన్నివేళలా సరికాదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పేర్కొనవచ్చు. అయితే బ్యాంకు నుంచి సొమ్ము అందుకునే అధికారం వేరు, ఆ సొమ్ముపై యాజమాన్యం వేరు. కంపెనీ షేర్ల విషయంలోనూ నామినేషన్ వారసత్వ చట్టాన్ని అధిగమించదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. జీవిత బీమాలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే మాత్రం 2015 సవరణ వారికి హక్కు కల్పించింది.

కుటుంబానికి ఖాతాల వివరాలే తెలియకపోవడం మరో సమస్య. పదేళ్లు ఎవరూ కోరని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ అవుతాయి. 2024 మార్చి చివరికి ఆ నిధిలో 78,213 కోట్ల రూపాయలు ఉన్నాయి. ఇటువంటి డిపాజిట్లను వెతికేందుకు రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్‌ను ప్రారంభించింది.

వీలునామా రాయడం కష్టమైన పని కాదు. స్థిరచిత్తం కలిగి, 18 ఏళ్లు నిండినవారు తెల్లకాగితంపైనా రాయవచ్చు. స్టాంపు పత్రం అవసరం లేదు. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వాటా పొందేవారు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, వివాదం తలెత్తినప్పుడు ఉపకరిస్తుంది. జీవించి ఉన్నంతకాలం దానిని మార్చుకోవచ్చు. చివరిగా రాసినదే చెల్లుతుంది. ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలరు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడింట ఒక వంతుకు మించి వీలునామా రాయడానికి వీలులేదు.

ఆస్తి చిన్నదైనంత మాత్రాన వివాదం చిన్నది కాదు. ఉన్న ఒక్క ఇల్లు ఏళ్ల తరబడి వ్యాజ్యంలో చిక్కుకుంటే నిలువనీడ కోల్పోయేది సామాన్య కుటుంబమే. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ బాధ్యతను పూర్తి చేసి, పత్రం ఎక్కడుందో నమ్మకస్తులైన ఒకరిద్దరికి తెలియజేయడం అవసరం.